అంబర్‌లోని పెంకు పురుగులు: ఆడ, మగ గుర్తింపుపై అపోహలు – వాస్తవాలు

అపోహ: కొమ్ము గానీ పెద్ద దవడలు గానీ ఉంటే మగది, లేకుంటే ఆడది.

వాస్తవం: అంబర్ (శిలాజంగా మారిన చెట్టు జిగురు) ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టగానే కొత్తవారి చూపు కొమ్ము, దవడల మీదికే పోతుంది, నేను వీటిని చివర్లో చూస్తాను. మన కొబ్బరి తోటల్లోని కొమ్ము పురుగునే తీసుకుంటే, ఆడ, మగ రెండింటికీ కొమ్ము ఉంటుంది. సాధారణంగా మగదానిదే పొడవు గానీ, లార్వా (పిల్లపురుగు) దశలో తిండి చాలని మగదానికి కొమ్ము పొట్టిగానే మిగిలిపోతుంది కాబట్టి, ఆడదాన్ని నికరంగా గుర్తించడానికి పొట్ట చివరి వెంట్రుకల కుచ్చునే చూడాలి. అంబర్‌లో అంత సన్నని వెంట్రుకలు కూడా నిలిచి ఉండడం మాకు దక్కిన అదృష్టం. నేలమీద తిరిగే పెంకు పురుగుల కారాబిడే కుటుంబంలో చాలా జాతుల మగవాటికి, జతకట్టేటప్పుడు ఆడదాన్ని పట్టుకోవడానికి, ముందుకాళ్ల పాదాలు వెడల్పై వాటి అడుగున అంటుకునే వెంట్రుకలు ఉంటాయి. అందుకే ఆ కుటుంబపు నమూనా దొరికితే నేను మొదట పాదాలే చూస్తాను. శరీర పరిమాణాన్ని అసలు నమ్మను, ఎందుకంటే గుడ్లు మోసే ఆడదే పెద్దగా ఉండే జాతులు ఎన్నో ఉన్నాయి.

అపోహ: మగవే ఎక్కువగా దొరికితే, ఆ కాలంలో మగవే ఎక్కువ.

వాస్తవం: చెట్టునుంచి కారే గుగ్గిలం జనాభా లెక్కలు తీయదు, తన దారిలోకి వచ్చినదాన్నే పట్టుకుంటుంది. మయన్మార్‌లోని కచిన్ ప్రాంతపు అంబర్, సుమారు 9.9 కోట్ల ఏళ్లనాటిది, ఇందుకు మంచి ఉదాహరణ. అందులోంచి 2021లో క్రెటోఫెంగోడెస్ అజారి అనే పేరుతో వర్ణించినది పొట్టమీద వెలుగు అవయవం ఉన్న మగపురుగును. దీని దగ్గరి బంధువులైన, నేడు జీవిస్తున్న ఫెంగోడిడే కుటుంబంలో ఆడవి పెరిగాక కూడా రెక్కలు లేక లార్వాల్లాగే నేలమీద ఉండిపోతాయి. మగవి ఈకల్లాంటి మీసాలతో వాటి వాసన పసిగట్టి ఎగిరి వెళతాయి. అలా తిరిగేవే జిగురుకు ఎక్కువగా చిక్కుతాయి. అంబర్‌లో ఆడది కనిపించినా, లార్వా అనుకుని పక్కన పెట్టే ప్రమాదం ఉంది.

అపోహ: మీసాలు వేరుగా ఉంటే జాతులూ వేరే.

వాస్తవం: ఒకే జాతి ఆడ, మగ కావచ్చు. అలాగని ఒకే ముక్కలో పక్కపక్కన ఉన్నంత మాత్రాన అవి జంట అని రాయకూడదు. మిగిలిన శరీర నిర్మాణం కలవాలి.

అపోహ: జననాంగాలు చూడాలంటే ముక్కను పగలగొట్టాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఎక్స్‌రేలతో పనిచేసే మైక్రో సీటీ స్కాన్‌లో, పొట్టలోపల ముడుచుకుని ఉన్న మగ అవయవపు ఆకారాన్ని త్రీడీలో చూడవచ్చు. అయితే లోపలి కణజాలమంతా కుళ్లి బోలుగా మారిన నమూనాలో స్కాన్ చేసినా ఏమీ కనబడదు. అప్పుడు పరిశోధన పత్రంలో "లింగం తెలియదు" అని రాయడమే సరైన పని.