ప్లైవుడ్, ఎండీఎఫ్ దిగుమతులు: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ప్లైవుడ్, ఎండీఎఫ్ (కలప పీచుని జిగురుతో నొక్కి చేసే బోర్డు) లాంటి బోర్డుల వ్యాపారం చేసేవాళ్లకి రోజూ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "ఇంపోర్టెడ్ సరుకు ఉందా?" అని ఇల్లు కట్టుకునేవాళ్లు అడుగుతారు. ఆ మర్నాడే ఇంకొకరు వచ్చి "ఆ ఇంపోర్టుల వల్లే కదండీ మన ఫ్యాక్టరీలు దెబ్బతింటున్నాయి" అంటారు. 2025 మేలో అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాక ఇలాంటి మాటలు మరీ ఎక్కువయ్యాయి. లక్షలు పెట్టి ఇంటీరియర్ చేయించుకునేవాళ్లు సగం తెలిసిన విషయంతో నిర్ణయాలు తీసుకుంటుంటే బాధగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: దిగుమతి అంటే తయారైన ప్లైవుడ్ షీట్లు ఓడలో రావడమే.

మన దేశంలో వాడే ప్లైవుడ్‌లో ఎక్కువ భాగం ఇక్కడే తయారవుతుంది. అలాగని విదేశీ సరుకు లేకుండా మన ప్లై తయారు కావడం లేదు. అది వేరే రూపంలో వస్తోంది.

దీని వెనుక ముప్పై ఏళ్ల కథ ఉంది. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అడవుల నరికివేత మీద కఠినమైన ఆదేశాలిచ్చింది. ఈశాన్య రాష్ట్రాల్లో ప్లైవుడ్ మిల్లులు మూతపడ్డాయి. పరిశ్రమ పొలాల్లో పెంచే చెట్ల వైపు మళ్లింది. హర్యానాలో యమునానగర్ పోప్లర్, జామాయిల్ కలపతో, కేరళలో పెరుంబావూరు రబ్బరు చెట్ల కలపతో ఎదిగాయి. ప్లైవుడ్ లోపలి పొరలకి, అంటే కోర్‌కి, ఇవి సరిపోయాయి. పైన కనిపించే ఎర్రటి పలుచటి చెక్క పొరకి, అంటే ఫేస్ వెనీర్‌కి, మాత్రం బర్మా (ఇప్పటి మయన్మార్) గర్జన్ చెట్టు దుంగలే కావాల్సి వచ్చేది.

2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ దుంగల ఎగుమతిని ఆపేసింది. దాంతో దుంగల బదులు పలుచగా చెక్కిన వెనీర్ రావడం మొదలైంది. మన కంపెనీలు కొన్ని అక్కడికే వెళ్లి వెనీర్ యూనిట్లు పెట్టాయి. తర్వాత ఆఫ్రికాలోని గాబన్ వైపు చూశాయి. గాబన్ కూడా 2010లోనే దుంగల ఎగుమతిని నిషేధించింది కాబట్టి ఓకుమే చెట్టు అక్కడే వెనీర్‌గా మారి ఇక్కడికొస్తుంది. ఈరోజు మీరు కొనే "మేడిన్ ఇండియా" షీటు మీది పొర గాబన్‌ది కావచ్చు.

జిగురు సంగతీ అంతే. జిగురులో వాడే ఫార్మాల్డిహైడ్ అనే రసాయనాన్ని మిథనాల్ నుంచి తీస్తారు. మన మిథనాల్‌లో ఎక్కువ భాగం బయటి నుంచే వస్తుంది. కస్టమ్స్ లెక్కల్లో ఒక్కో సరుకుకి ఒక్కో కోడ్ నంబర్: దుంగలు 4403లో, వెనీర్ 4408లో, పార్టికల్ బోర్డు (కలప ముక్కలు, పొట్టు నొక్కి చేసేది) 4410లో, ఎండీఎఫ్ 4411లో, ప్లైవుడ్ 4412లో ఉంటాయి. 4412 ఒక్కటే చూసి "దిగుమతులు తక్కువే" అనేవాళ్లకి అసలు విషయం అందదు.

అపోహ: దిగుమతుల విలువ పెరిగిందంటే సరుకు ఎక్కువ వచ్చినట్టే.

మన దిగుమతి లెక్కల్లో సరుకు ధరతో పాటు ఓడ కిరాయి, బీమా కూడా కలిసి ఉంటాయి. 2021లో కంటైనర్ కిరాయిలు ఎన్నో రెట్లు పెరిగాయి. అలాంటప్పుడు సరుకు పెరగకపోయినా రూపాయల్లో విలువ పెరుగుతుంది. డాలర్ రేటు పెరిగినా అంతే. అందుకే ఘనపు మీటర్లలో చూడాలి.

షీట్ల సంఖ్యతో పోల్చడం ఇంకా తప్పు. ఎనిమిది బై నాలుగు అడుగుల సైజులో 18 మిల్లీమీటర్ల షీట్లయితే ఒక ఘనపు మీటరుకి దాదాపు 18.7 వస్తాయి. 3 మిల్లీమీటర్లవైతే 112 దాకా వస్తాయి. షీట్లు ఆరు రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది గానీ సరుకు అంతే.

అపోహ: సుంకం వేసేస్తే సమస్య తీరిపోతుంది.

వియత్నాం, ఇండోనేషియా ప్లెయిన్ ఎండీఎఫ్ మీద 2016లో యాంటీ డంపింగ్ సుంకం (మరీ చౌకగా దించే విదేశీ సరుకు మీద వేసే అదనపు సుంకం) వేశారు. అది 6 మిల్లీమీటర్లు, అంతకన్నా మందమైన బోర్డులకే వర్తించింది. అల్మరాల వెనుక కొట్టే పలుచటి షీట్లు దాని కిందకి రాలేదు. పైగా వియత్నాం, ఇండోనేషియా లాంటి ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో సుంకాలు తగ్గించే ఒప్పందం 2010 నుంచి అమల్లో ఉంది. సుంకం గురించి మాట్లాడేవాళ్లు ముందు ఏ దేశం, ఎంత మందం అని అడగాలి.

అపోహ: ఇంపోర్టెడ్ అంటే మేలైన సరుకు.

ఈ మాట వింటే నాకు ఎక్కువ టెన్షన్. థాయిలాండ్, మలేషియా పార్టికల్ బోర్డులో ఎక్కువగా రబ్బరు కలప వాడతారు. వియత్నాం ఎండీఎఫ్‌లో అకేసియా లాంటివి ఉంటాయి. ఇవి ఇక్కడికి రావడానికి ముఖ్య కారణం ధర. అందులో మంచిదీ ఉంది, నాసిదీ ఉంది. తేడా తెలిసేది సాంద్రత, జిగురు, గ్రేడు చూస్తేనే. ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ప్రకారం తయారయ్యే మెరైన్ ప్లై (నీటిని తట్టుకునే ప్లైవుడ్) 72 గంటలు మరిగే నీటిలో ఉంచినా పొరలు విడిపోకూడదు. ఎండీఎఫ్ ఏ దేశానిదైనా సింకు కింద పెట్టకండి. మన కృష్ణా తీరపు ఉక్కకి, వానాకాలపు చెమ్మకి మామూలు ఎండీఎఫ్ అంచులు ఉబ్బుతాయి.

అపోహ: 2025 నుంచి దిగుమతులు నిషేధించారు.

నిషేధం ఏమీ లేదు. 2025 ఫిబ్రవరి నుంచి ప్లైవుడ్‌కి, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు లాంటి వాటికి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్లు, అంటే నాణ్యత తప్పనిసరి చేసే నియమాలు, అమల్లోకి వచ్చాయి. ఐఎస్‌ఐ మార్కు లేని సరుకు అమ్మకూడదు. ఇక్కడి ఫ్యాక్టరీకి ఎలాగో విదేశీ ఫ్యాక్టరీకీ అలాగే లైసెన్స్ కావాలి. ఏ ఫ్యాక్టరీకి ఆ ఫ్యాక్టరీ విడిగా తీసుకోవాలి. చాలా ఏళ్లుగా సుంకం లేకుండా ప్లై పంపుతున్న నేపాల్‌కి కూడా ఇదే నియమం. లైసెన్స్ ఉన్నవాళ్ల సరుకు వస్తుంది, లేనివాళ్లది రాదు. షీటు మీది లైసెన్స్ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. షాపులోనే చూడండి, ఏ డీలరూ ఏమీ అనుకోడు.

అపోహ: దిగుమతి తగ్గితే మన రైతుకి ఆటోమేటిక్‌గా మంచి ధర వస్తుంది.

ఇది నిజం కావాలని నాకూ ఉంది. మన రాష్ట్రంలో శ్రీకాళహస్తి దగ్గర, అచ్యుతాపురంలో, బద్వేలు దగ్గర పెద్ద ఎండీఎఫ్ ఫ్యాక్టరీలున్నాయి. నందిగామ, కంచికచర్ల వైపు సుబాబుల్, కోస్తాలో సరుగుడు, జామాయిల్ వేసే రైతులు ఏళ్ల తరబడి పేపర్ మిల్లుల కొనుగోలు మీదే ఆధారపడ్డారు. బోర్డు ఫ్యాక్టరీలు రావడంతో ఇంకో కొనుగోలుదారు దొరికాడు.

అయితే ఇలాంటి ఫ్యాక్టరీలకి పెద్ద ఖర్చు కలపే. కలప రేటు పెరిగిన రోజున విదేశీ బోర్డు చౌకగా దొరికితే ఫ్యాక్టరీ రెండు వైపులా నలుగుతుంది. 2023, 2024లో అదే జరిగింది. ఇంకో చిక్కు, చెట్టు కోతకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఈ ఏడాది దిగుమతులు తగ్గాయని రైతు నారు నాటితే, ఆ కలప మార్కెట్‌కి వచ్చేసరికి ఓడ కిరాయి, సుంకం, లైసెన్సుల పరిస్థితి మారిపోయి ఉండొచ్చు. అందుకే ఫ్యాక్టరీ ముందే ధర రాసిచ్చి, మొక్కలిచ్చి, కొంటానని ఒప్పందం చేసుకున్న చోట రైతు నిలబడగలుగుతాడు. మా దగ్గరికి వచ్చే రైతులకి నేను చెప్పేది కూడా ఇదే: దిగుమతుల వార్త చూసి నాటొద్దు, చేతిలో ఒప్పంద కాగితం ఉంటేనే నాటండి.