కల్లియోపి: ఒక గ్రీకు పేరు నాయనమ్మల దగ్గర ఎందుకు ఆగింది?

ఏథెన్స్‌లో కల్లియోపి అనే పేరు వింటే చాలామందికి తెల్లజుట్టు పెద్దావిడ గుర్తొస్తుంది. అదే పేరు అమెరికాలో వినపడితే అది ఈమధ్య పుట్టిన పాపది అయ్యే అవకాశమే ఎక్కువ. పుట్టింట్లో పాతబడిపోయి, పరాయి దేశంలో కొత్త ఫ్యాషన్ అయిన ఈ పేరుకి దాదాపు 2,700 ఏళ్ల చరిత్ర ఉంది. పిల్లల పేర్ల పుస్తకాలు మాత్రం 'అందమైన గొంతు గలది' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాయి. అర్థం అదే, అందులో తప్పు లేదు. కానీ గ్రీసులో అర్థం చూసి ఈ పేరు పెట్టుకున్న ఇళ్లు ఎన్నో ఉండవు. అక్కడ ఇది వంశంలో వరసగా, నాయనమ్మ నుంచి మనవరాలికి నడిచిన పేరు. ఆ వరస తెగడం మొదలయ్యాకే ఇది అరుదైంది.

క్రీ.పూ. 700 ప్రాంతంలో హెసియడ్ అనే కవి దేవతల పుట్టుక మీద ఒక కావ్యం చెప్పాడు. జియస్ దేవుడి కూతుళ్లు, పాటకూ కవిత్వానికీ దేవతలూ అయిన తొమ్మిదిమంది మ్యూజ్‌ల పేర్లు అందులో వరసగా వస్తాయి. కల్లియోపి పేరు అందరికంటే చివర్న ఉంటుంది. అయినా అందరిలోకీ గొప్పది ఆమే అంటాడు హెసియడ్. ఎందుకంటే రాజుల వెంట ఉండేది ఆమె. మ్యూజ్‌ల చల్లని చూపు పడ్డ రాజు నాలుక మీద తీయని మంచు కురుస్తుందట. అతను నోరు విప్పితే పెద్ద తగాదా కూడా ఇట్టే సర్దుకుంటుందట. కల్లియోపి అంటే ఇతిహాస కవిత్వానికి దేవత అని ఇవాళ అందరూ చెప్పేది తర్వాతి కాలంలో స్థిరపడిన సంగతి. నాకైతే హెసియడ్ మాటే ఎక్కువ ఇష్టం. నలుగురి మధ్య గొడవ తీర్చగల మాటని కూడా ఆయన అందమైన గొంతులో కలిపి చూశాడు.

ఆమె బొమ్మ చూడాలంటే ఇటలీలోని ఫ్లోరెన్స్ పురావస్తు మ్యూజియానికి వెళ్లాలి. క్రీ.పూ. 570 ప్రాంతంలో ఏథెన్స్‌లో తయారైన ఒక పెద్ద మట్టి పాత్ర అక్కడ ఉంది, ఫ్రాన్స్వా పాత్ర అంటారు. దాని మీద వందల కొద్దీ బొమ్మలున్నాయి, చాలావాటి పక్కన పేర్లు కూడా రాసి ఉన్నాయి. అందులో ఒక బొమ్మలో, గ్రీకు పురాణాల్లోని వీరుడు పెలియస్, సముద్ర దేవత థెటిస్‌ల పెళ్లికి దేవతలంతా ఊరేగింపుగా వస్తుంటారు. ఆ కాలం పద్ధతిలో దాదాపు అన్ని ముఖాలూ పక్కకి తిరిగి ఉంటాయి. కల్లియోపి మాత్రం ముఖం నేరుగా మనవైపు తిప్పి, పిల్లనగ్రోవులు వరసగా కట్టిన వాద్యాన్ని రెండు చేతులా పట్టుకుని ఊదుతుంటుంది. చిత్రకారుడు క్లెయిటియస్‌కి ఆమె మీద ప్రత్యేకమైన గౌరవం ఉందేమో అనిపిస్తుంది ఆ ముఖం చూస్తే.

ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన చరిత్రలోని తొమ్మిది భాగాలకూ తర్వాతివాళ్లు మ్యూజ్‌ల పేర్లే పెట్టారు. క్రీ.పూ. 479లో ప్లటేయా దగ్గర పర్షియన్ సైన్యం ఓడిపోయిన కథ చెప్పే తొమ్మిదో భాగం పేరు కల్లియోపి.

క్రైస్తవం వచ్చాక పాత దేవతల పేర్లు చాలావరకు వెనకబడ్డాయి. కల్లియోపి నిలబడటానికి ఒక సెయింట్ సాయపడింది. క్రీ.శ. 250 ప్రాంతంలో, రోమన్ చక్రవర్తి డెసియస్ కాలంలో, కల్లియోపి అనే యువతి మతం వదులుకోనన్నందుకు చిత్రహింసలు పెట్టి చంపారని చర్చి సంప్రదాయం చెబుతుంది. ఆమె పండగ జూన్ 8న వస్తుంది. గ్రీసులో ఇది చిన్న విషయం కాదు. అక్కడ పెద్దవాళ్లకి పుట్టినరోజు కంటే 'పేరు రోజు' ముఖ్యం. మన పేరున్న సెయింట్ పండగే మన పండగ. చుట్టాలు ఫోన్ చేస్తారు, ఇంటికొస్తారు, వచ్చినవాళ్లకి స్వీట్లు పెడతారు. సెయింట్ లేని పేరున్నవాళ్లు పెంతెకొస్తు పండగ తర్వాతి ఆదివారం, సెయింట్లందరి పండగ రోజున జరుపుకుంటారు. కల్లియోపికి ఆ ఇబ్బంది లేదు, సొంత తేదీ ఉంది.

ఈ తేదీ విలువ 1819 ప్రాంతపు సంగతులు చూస్తే అర్థమవుతుంది. గ్రీకులు అప్పటికింకా ఒట్టోమన్ల పాలనలో ఉన్నారు. చదువుకున్నవాళ్లలో ప్రాచీన గ్రీసు మీద మోజు బాగా పెరిగింది. ఇవాళ టర్కీలో ఉన్న ఐవలిక్‌ని అప్పట్లో గ్రీకులు కిడోనియస్ అనేవాళ్లు. అక్కడి బడి పిల్లలు పాత గ్రీకులోనే మాట్లాడుకోవాలని తీర్మానించుకుని, క్రైస్తవ పేర్లకి బదులు ప్రాచీనుల పేర్లు పెట్టుకున్నారు. ఈ ధోరణి చర్చికి నచ్చలేదు. బాప్తిస్మంలో పిల్లలకి ప్రాచీన పేర్లు పెట్టే కొత్త అలవాటుని తప్పుపడుతూ ఆర్థడాక్స్ చర్చి పెద్ద అయిన కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ ఐదవ గ్రెగరీ 1819లో లేఖ పంపాడు. అదే ఏడాది వియన్నాలో అథనాసియస్ స్తగిరితిస్ అనే పండితుడు 'కల్లియోపి' పేరుతో గ్రీకు పత్రిక మొదలుపెట్టాడు. అటు ప్రాచీనత కోరుకునేవాళ్లకీ ఇటు చర్చికీ ఒప్పుదలైన పేర్లు కొన్నే ఉంటే, అందులో ఇదొకటి. ఒకరికి హెసియడ్ దేవత, ఇంకొకరికి జూన్ 8 నాటి సెయింట్. పూజారి కాదనడానికి వీల్లేదు, బడి పంతులు కాదనడానికీ వీల్లేదు.

ఆ తర్వాత పేరుని ఊళ్లలో నడిపించింది కుటుంబ ఆచారం. గ్రీసులో చాలాచోట్ల మొదటి కొడుక్కి తాత పేరు, మొదటి కూతురికి నాయనమ్మ పేరు పెడతారు. రెండో కూతురు పుడితే అమ్మమ్మ వంతు. ఏజియన్ దీవుల్లో కొన్నిచోట్ల ఇది తిరగబడుతుంది, మొదటి కూతురే అమ్మమ్మ పేరు తీసుకుంటుంది, చాలాసార్లు అమ్మమ్మ ఆస్తి కూడా. తాత పేరు మనవడికి పెట్టుకునే తెలుగు ఇళ్లకి ఇదేమీ వింతగా అనిపించదు. అయితే మన దగ్గర అది ఇష్టాన్ని బట్టి ఉంటుంది, అక్కడ మొన్నమొన్నటి దాకా తప్పనిసరి మర్యాద. నాయనమ్మ బతికుండగా ఆమె పేరు పెట్టకపోతే ఏళ్ల తరబడి మాటల్లేని ఇళ్లున్నాయి.

పేరు బయటపెట్టడం కూడా ఒక పెద్ద తంతు. బాప్తిస్మం దాకా పాపని 'బేబ' అనే పిలుస్తారు. పాత పద్ధతిలో తల్లి చర్చి లోపలికి రాదు. లోపల నూనె రాసిన పాపని నీళ్ల తొట్టిలో మూడుసార్లు ముంచుతారు, బాప్తిస్మపు తల్లి గానీ తండ్రి గానీ పేరు పైకి చెబుతారు. ఆ మాట చెవిన పడీ పడగానే ఊళ్లో పిల్లలంతా బయటికి పరుగు. ఎవరు ముందుగా తల్లికి పేరు చెబితే వాళ్లకి చిల్లర డబ్బులు. 'కల్లియోపి' అని అరుచుకుంటూ పిల్లలు వస్తున్నారంటే అత్తగారు గెలిచినట్టే.

ఇంట్లో ఈ పేరు 'పోపి' అయిపోతుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో గ్రీకు వీధుల్లో పోపిలు కావలసినంతమంది ఉండేవాళ్లు. పెనెలోపిని కూడా పోపి అనేవాళ్లు కాబట్టి అసలు పేరేమిటో అడిగితే గానీ తెలిసేది కాదు. తర్వాతి తరానికి ఆ ముద్దుపేరే మోటుగా అనిపించింది. దానికి తోడు సైన్యంలో ఒక అన్యాయం జరిగింది. గ్రీకు సైనికుల యాసలో మరుగుదొడ్లు కడిగే డ్యూటీకి 'కల్లియోపి' అని పేరు. మగవాళ్లందరూ కొన్నాళ్లు సైన్యంలో పనిచేయాల్సిన దేశం అది. ప్రతి తండ్రికీ ఆ మాట తెలుసు. హెసియడ్ అందరిలోకీ గొప్పదన్న పేరుకి ఈ గతి పట్టిందంటే మనసు చివుక్కుమంటుంది.

అసలు దెబ్బ మాత్రం పిల్లల సంఖ్యతో తగిలింది. 1980 ప్రాంతంలో గ్రీసులో ఒక్కో స్త్రీకి సగటున రెండు కంటే కాస్త ఎక్కువమంది పిల్లలుండేవారు. తర్వాత అది 1.3 ప్రాంతానికి పడిపోయింది. నలుగురు పిల్లలున్న ఇంట్లో నలుగురు పెద్దవాళ్ల పేర్లూ సర్దుబాటవుతాయి. ఒకే పాప ఉంటే ఏ బామ్మని వదిలేయాలి? ఆ తగువు నుంచి బయటపడటానికి కొందరు రెండు పేర్లూ కలిపి పెడతారు, కొందరు ఎవరిదీ కాని మూడో పేరు ఎంచుకుంటారు. చట్టం కూడా దారి వదిలింది. 1976 నాటి 344వ చట్టం ప్రకారం తల్లిదండ్రులు పౌర రిజిస్టరులో పేరు రాయిస్తే సరిపోతుంది, బాప్తిస్మం దాకా ఆగనక్కర్లేదు. ఇన్ని ఒత్తిళ్లలోనూ మరియ, ఎలెని లాంటి పేర్లు తట్టుకున్నాయి, ఎందుకంటే అవి రెండు వైపుల బామ్మలకీ ఉండేవి. కల్లియోపికి ఆ బలం లేదు.

అమెరికాలో కథ పూర్తిగా వేరు. అక్కడ చాలాకాలం ఇది మనిషి పేరుగా పెద్దగా వినపడేది కాదు. 1855లో మసాచుసెట్స్‌కి చెందిన జాషువా స్టాడర్డ్ ఆవిరితో ఈలలు మోగించే వాద్యానికి పేటెంట్ తీసుకుని దానికి ఈ పేరు పెట్టాడు. సర్కస్ ఊరేగింపుల్లో, నదుల మీద తిరిగే స్టీమర్లలో వాడేవాళ్లు. మైళ్ల దూరం వినపడేది. న్యూ ఆర్లీన్స్‌లో మ్యూజ్‌ల పేర్లున్న వీధులున్నాయి, వాటిలో కల్లియోపి వీధిని అక్కడివాళ్లు 'క్యాలియోప్' అంటారు. మిగతా దేశంలో 'కలాయొపి'. 2006 నుంచి 'గ్రేస్ అనాటమీ' సీరియల్‌లో కాలీ అనే డాక్టర్ వచ్చింది, పూర్తి పేరు కల్లియోపి. కొంత ఆ సీరియల్ వల్ల, కొంత పురాణాల పేర్ల మీద పెరిగిన ఇష్టం వల్ల 2010ల రెండో సగంలో ఈ పేరు అక్కడి ఆడపిల్లల పేర్లలో మొదటి వెయ్యిలోకి చేరింది. ఆ తల్లిదండ్రులకి పోపి తెలియదు, సైనికుల యాస తెలియదు, అలిగే అత్తగారి సమస్య లేదు. వాళ్లకి కనపడేది అర్థం, ధ్వని, అంతే.

గ్రీసుకి అటు పక్కన ఉత్తర మాసిడోనియాలో ఈ పేరు ఇంకోలా బతికింది. ఓహ్రిద్‌లో పుట్టిన గాయని కలియోపి బుక్లె 2012లో, మళ్లీ 2016లో తన దేశం తరఫున యూరోవిజన్ అనే ఐరోపా దేశాల పాటల పోటీ వేదిక మీద పాడింది.

గ్రీసులో కూడా ఈ పేరు పూర్తిగా పోలేదు. నాయనమ్మని నొప్పించడం ఇష్టంలేని కుర్ర తల్లిదండ్రులు రిజిస్టరులో కల్లియోపి అనే రాయించి, ఇంట్లో 'కాలియ' అని పిలుస్తున్నారు. పేరు రోజు మాత్రం బామ్మకీ మనవరాలికీ జూన్ 8నే వస్తుంది.