"మా ఇంటి కాళ్లే అంత": లేటు వయసులో బయటపడే వంశపారంపర్య నరాల జబ్బులు, అపోహలు - వాస్తవాలు

విశాఖలో నరాల డాక్టరుగా కూర్చున్నాక ఓపీలో రోజూ వినే మాట ఒకటుంది: "మా వంశంలో ఎవరికీ లేదండీ." ఈ మాట వినగానే నేను పేషెంటుని కాదు, తోడొచ్చినవాళ్లని చెప్పులు విప్పమంటాను.

ఆమధ్య గాజువాక నుంచి ఒకాయన వచ్చారు (ఆనవాలు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను). అరవైకి దగ్గర పడ్డారు. నడుస్తుంటే ఎడమకాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదట, పదడుగులు వేశాక చూసుకుంటే చెప్పు వెనకే ఉండిపోతోంది. నలభైల్లో సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచిన మనిషి. షుగర్ ఉంది కాబట్టి అందరూ షుగర్ అనే అన్నారు, బీ12 ఇంజెక్షన్లు పొడిచారు, అయిపోయింది. తోడొచ్చిన వాళ్ల అన్నయ్యకి షుగర్ లేదు. ఆయన చెప్పులు విప్పితే అరికాలు విల్లులా పైకి లేచి ఉంది, వేళ్లు ముడుచుకుపోయాయి, పిక్కల్లో కండ లేదు. "ఇవా, మా ఇంటి కాళ్లే అంత డాక్టర్ గారూ, మా నాన్నగారికి ఏ షాపులోనూ బూటు పట్టేది కాదు" అని నవ్వారు.

వంశంలో ఎవరికీ లేకపోవడం కాదు, దానికి జబ్బని ఎవరూ పేరు పెట్టలేదు, అంతే.

ఇద్దరికీ కరెంటు టెస్టు చేశాం. చేతి నరంలో కబురు మామూలుగా సెకనుకి 50 మీటర్లు దాటే వేగంతో పోతుంది. తమ్ముడికి 22, అన్నయ్యకి 21. షుగర్ నరాలని పాడుచేస్తుంది నిజమే కానీ వేగాన్ని అన్ని నరాల్లోనూ ఒకేలా ఇంత కిందకి సాధారణంగా లాగదు. ఇది షార్కో-మరీ-టూత్ జబ్బు, 1886లో రాసిన ముగ్గురు డాక్టర్ల పేర్లవి. దీంట్లో ఎక్కువగా కనిపించే రకానికి కారణం 17వ క్రోమోజోమ్ మీది పీఎంపీ22 జన్యువు రెండు కాపీలు ఉండాల్సిన చోట మూడు ఉండటం. జన్యువు రాతలో అక్షరం తప్పు లేదు, కాపీ ఎక్కువైంది. ఆ ఎక్కువ కాపీ వల్ల నరం మీది తొడుగు సరిగా నిలవదు.

అపోహ: జన్యువుల వల్లయితే పుట్టుకతోనే కనబడాలి కదా.

జన్యువు పుట్టుకతోనే ఉంటుంది, జబ్బు తన టైమ్ తీసుకుంటుంది. నడుము దగ్గర మొదలై కాలివేలి దాకా వెళ్లే నరం పొడవు సుమారు మీటరు, ఆ చివరిదాకా సరుకు చేరాలి, తొడుగు రిపేరు అవుతుండాలి. అందుకే ముందు దెబ్బ తినేవి పాదాలు. పైన చెప్పిన జబ్బు చిన్నప్పుడే మొదలైనా, ఎంత మెల్లగా నడుస్తుందంటే కొందరు యాభై దాటేదాకా అదే తమ నడక అనుకుంటారు. టీటీఆర్ అని ఇంకొక జన్యువు ఉంది, అందులో తేడా ఉంటే లివర్ తయారుచేసే ఒక ప్రొటీన్ ఏళ్ల తరబడి నరాల్లో, గుండెలో పేరుకుంటుంది, బయటపడేసరికి కొందరికి అరవై దాటుతుంది. హంటింగ్టన్ జబ్బు మెదడుది, కానీ తీరు అర్థం కావాలంటే చెప్పుకోవాలి: దాని జన్యువులో సీఏజీ అనే మూడక్షరాల ముక్క 40 సార్లు, అంతకన్నా ఎక్కువ వరుసగా ఉంటే జబ్బు వస్తుంది, అయినా ఎక్కువమందికి ముప్పై, యాభై మధ్యే మొదలవుతుంది. తండ్రి నుంచి వచ్చినప్పుడు ఆ వరుస పొడవు పెరిగి, కొడుక్కి తండ్రికన్నా ముందే మొదలవ్వచ్చు.

అపోహ: మాది మేనరికం కాదు, మాకు రాదు.

పైన చెప్పినవన్నీ అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచి వస్తే చాలు. ప్రతి బిడ్డకీ సగం అవకాశం, ప్రతి కాన్పుకీ లెక్క మళ్లీ మొదటినుంచే, పెద్దాడికి వచ్చింది కాబట్టి చిన్నాడు తప్పించుకున్నట్టు కాదు. మేనరికం ప్రమాదం పెంచేది రెండువైపుల నుంచీ తేడా కాపీ రావాల్సిన జబ్బుల్లో. ఇక కోడలు తెచ్చిందా, కొడుకు తెచ్చాడా అనే పంచాయితీ నా రూములో వద్దు.

అపోహ: ఖరీదైన జన్యు పరీక్ష చేయించాం, నార్మల్ వచ్చింది, ఇక జన్యువుల గొడవ లేదు.

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, డాక్టర్లతో సహా. ఎక్సోమ్ అనే పరీక్ష అక్షర దోషాల్ని బాగా పడుతుంది, పొడవుగా పెరిగిన వరుసల్ని మామూలుగా పట్టలేదు, కాపీ ఎక్కువైన సంగతీ కొన్నిసార్లు జారిపోతుంది. వాటికి వేరే పరీక్షలు అడగాలి. ఉదాహరణకి ఆర్ఎఫ్‌సీ1 జన్యువులో ఇలాంటి వరుస పొడవు పెరిగి వచ్చే నరాల జబ్బు సంగతి 2019లో గానీ తెలియలేదు. ఈ జబ్బు ఉన్నవాళ్లు మొహం కడుక్కుంటూ కళ్లు మూసుకోగానే వాష్‌బేసిన్ మీదకి తూలిపోతారు, చీకట్లో గోడ పట్టుకుంటారు, బీచ్‌లో ఇసుక మీద నిలబడలేరు. తీరా అడిగితే చాలామందికి ఎన్నో ఏళ్లుగా పొడిదగ్గు! దగ్గుకి నరాల డాక్టరు దగ్గరకి ఎవరొస్తారు చెప్పండి.

అపోహ: మందు లేనప్పుడు పేరు తెలిసి ఏం లాభం.

టీటీఆర్‌కి మందులున్నాయి, 2018లో అమెరికాలో పటిసిరాన్‌కి అనుమతి వచ్చింది, ధర మాత్రం మనలాంటివాళ్లు వింటే కళ్లు తిరుగుతాయి. షార్కో-మరీ-టూత్‌కి ఈరోజుకి మందు లేదు. అయినా పేరు తెలియాలి, ఎందుకంటే దీన్ని వేరే నరాల జబ్బు అనుకుని నెలల తరబడి స్టెరాయిడ్లు మింగినవాళ్లనీ, లక్షలు పోసి ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించుకున్నవాళ్లనీ నేను చూశాను. ఇంకోటి, ఈ జబ్బు ఉన్నవాళ్లకి కేన్సర్ వైద్యంలో విన్‌క్రిస్టిన్ అనే మందు ఇస్తే కాళ్లూ చేతులూ ఒక్కసారిగా పడిపోవచ్చు, కాబట్టి కేన్సర్ డాక్టరుకి మొదటిరోజే చెప్పాలి. గాజువాక ఆయనకి మడమ దగ్గర పాదాన్ని పైకి పట్టే స్ప్లింట్ పెట్టాం, బూటులోనే ఇమిడిపోతుంది, చెప్పులు మానేశారు. షుగర్ మాత్రలు మానలేదు, మానకూడదు కూడా, రెండూ కలిసి ఉంటే నరం మరీ త్వరగా పోతుంది.

అన్నయ్య మళ్లీ ఒంటరిగా వచ్చారు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారట, చెప్పకుండా రక్తం తీయించి పరీక్షకి పంపేద్దామా అని అడిగారు. అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. తనే రావాలి, తనే అడగాలి అన్నాను, కోపంగా వెళ్లిపోయారు. నెల తర్వాత ఆ అమ్మాయే వచ్చింది, ఫోన్లో ప్రశ్నలు రాసుకుని మరీ. పిల్లలకి వస్తుందా, ఉద్యోగం చేయగలనా, అబ్బాయి వాళ్లకి ఎప్పుడు చెప్పాలి, అన్నీ అడిగింది. దాదాపు గంట కూర్చుని, "పరీక్ష ఇప్పుడొద్దు సార్, అక్కతో మాట్లాడి వస్తా" అని లేచింది.