తీసేసిన శుక్లం మళ్ళీ రాదు, మరి ఈ మసకేంటి?

మా అమ్మకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయ్యి మూడేళ్ళు. మొదట్లో గోడ మీద క్యాలెండర్ తేదీలు మంచం మీంచే చదివేది. ఈమధ్య రాత్రిపూట ఎదురొచ్చే బండి లైటు పువ్వులా విచ్చుకుంటోందని, కళ్ళజోడు ఎన్నిసార్లు తుడిచినా కుడికన్ను మసగ్గానే ఉంటోందని చెప్పింది, అదీ మేం గుచ్చి గుచ్చి అడిగితే. పొర మళ్ళీ వచ్చిందేమో, ఇంకో ఆపరేషన్ అంటారేమోనన్న టెన్షన్‌తో ఆర్నెల్లుగా నోరు విప్పలేదట. ఆ ఆర్నెల్లు తలుచుకుంటేనే బాధేస్తుంది.

ఎందుకంటే తీసేసిన శుక్లం మళ్ళీ పుట్టదు. కంటి లెన్స్ ఒక పల్చటి సంచిలో ఉంటుంది. ఆపరేషన్‌లో ఆ సంచి ముందు భాగాన్ని గుండ్రంగా తెరిచి, మసకబారిన లెన్స్ తీసేసి, అందులోనే కొత్త లెన్స్ కూర్చోబెడతారు. వెనక పొరని మాత్రం కావాలనే ఉంచుతారు, లెన్స్‌కి అదే ఆసరా. దాని మందం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. ఎంత శుభ్రం చేసినా సంచి అంచుల్లో కొన్ని కణాలు మిగిలిపోతాయి, అవి నెలలకో ఏళ్ళకో ఆ పొర మీదికి పాకి, ఉడికిన సగ్గుబియ్యంలా గుంపులు కడతాయి. డాక్టర్లు వాటిని ఎల్ష్‌నిగ్ ముత్యాలంటారు. కొన్ని కణాలైతే పీచులా మారి పొరని ముడతలు పడేలా లాగుతాయి. దాంతో వెలుగు చెదిరిపోతుంది. లెన్స్ అంచుని నున్నగా కాకుండా పదునైన పలకలా చేస్తే ఈ పాకుడు తగ్గుతుంది, కానీ పూర్తిగా ఆగదు. చిన్నపిల్లల్లో అయితే ఇది మరీ త్వరగా వస్తుంది.

దీనికి యాగ్ లేజర్ చేస్తారు, అంటే లేజర్ వెలుగుతో ఆ వెనక పొరని మధ్యలో తెరుస్తారు. 1980 ప్రాంతంలో పారిస్‌లో డానియేల్ ఆరోన్ రోజా, స్విట్జర్లాండ్‌లో ఫ్రాంజ్ ఫాంక్‌హౌజర్ అనే కంటి డాక్టర్లు దీన్ని కంటికి వాడేదాకా ఆ పొరని సూదితోనో కత్తితోనో తెరవాల్సి వచ్చేది. అమ్మకి చుక్కలేసి కంటిపాప పెద్దదయ్యాక, మిషన్ మీద గడ్డం ఆనించమన్నారు. టిక్ టిక్‌మని చిన్న చప్పుళ్ళు, పొర మధ్యలో చిన్న కిటికీ, కొద్ది నిమిషాల్లో అయిపోయింది. ఇంజెక్షన్ లేదు, కుట్లు లేవు.

కొందరికి లేజర్ తర్వాత కంటి ప్రెజర్ పెరుగుతుంది, నల్లచుక్కలు తేలినట్టు కనిపిస్తాయి. అరుదుగా కంటి వెనక వెలుగుని పట్టే రెటీనా ఊడే ప్రమాదమూ ఉంది, అందుకే మెరుపులు కనిపించినా, చూపుకి ఒక పక్క తెర కమ్మినట్టున్నా అదే రోజు డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. పైగా ప్రతి మసకా ఈ పొరే కాదు, రెటీనా వాపు, గ్లాకోమా (నీటికాసులు) కూడా కావచ్చు, కాబట్టి లేజర్‌కి ముందే కన్నంతా చూపించుకోండి.

ఎడమకంట్లోనూ పొర మసకబారడం మొదలైందన్నారు. చూపుకి ఇంకా అడ్డం రావట్లేదు కాబట్టి ఇప్పుడే లేజర్ అక్కర్లేదని, ఆర్నెల్లకి మళ్ళీ రమ్మన్నారు. ఆ తేదీని అమ్మే క్యాలెండర్‌లో పెన్నుతో చుట్టి పెట్టుకుంది.