చింతపండుతో తోమి, ఆ తర్వాత కాలం అడక్కండి

మెటల్ డిటెక్టర్ మోగి పాత గుండీ దొరగ్గానే చెన్నైలో మనవాళ్ళు చేసే మొదటి పని చింతపండు నానబెట్టడం. ఇత్తడి చెంబు మెరిసినట్టే ఇదీ మెరుస్తుందని ఆశ. మెరుస్తుంది, కానీ కాలం చెప్పే ఆధారం పోతుంది.

పులుపు చిలుముతో ఆగదు, ఇత్తడిలోని జింకునీ లాగేస్తుంది. గుండీ గులాబీ రంగుకు తిరిగిందంటే జరిగింది అదే. పైన బంగారు పూత ఉంటే అడుగున లోహం కరిగి పూత పొరలుగా లేస్తుంది. ఆ పూత ఎంత పలచనో చూడండి: 1796 నాటి బ్రిటిష్ చట్టం ‘గిల్ట్’ గుండీలకు చదరపు అడుగుకు 5 గ్రెయిన్ల (సుమారు మూడోవంతు గ్రాము) బంగారం ఉండాలంది. రెండు సెంటీమీటర్ల గుండీ ముఖం మీద అది ఒక మిల్లీగ్రాము! బంగారం కోసం గీకేవాళ్ళూ ఈ లెక్క చూడాలి.

బొగ్గు, పాలిష్ పొడి, స్టీలు పీచు కూడా వద్దు. అవి వెనక ముద్రను అరగదీస్తాయి. తయారీదారు పేరు, ఊరు ఉండేది అక్కడే. పేరు చివర ‘లిమిటెడ్’ ఉంటే ఆ గుండీ 1855కి ముందుది కాదు, ఆ తరహా కంపెనీలకు బ్రిటన్‌లో చట్టం వచ్చింది అప్పుడే.

బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌ను దూదిపుల్లతో అద్ది, మట్టి మెత్తబడ్డాక వెదురు పుల్లతో తీయండి. రెండు రేకులు కలిపి నొక్కిన బోలు గుండీని నీళ్ళలో ముంచకండి. నీరు లోపల చిక్కుకుని తుప్పు మొదలవుతుంది. సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేయండి, అక్షరాలు కనబడితే అక్కడితో ఆపేయండి. ఒకరోజు నీడన ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లంతో విడిగా డబ్బాలో పెట్టండి. మన ఉప్పుగాలికి లేత ఆకుపచ్చ పొడి తుడిచినా మళ్ళీ పుడుతుంటే, ఆ గుండీని మిగతావాటితో కలపకండి.

కిరీటం ఉంటే విక్టోరియా కాలమేనన్నది ఇంకో పుకారు. కమానులు గుమ్మటంలా పైకి ఉబ్బి ఉంటే అది సాధారణంగా 1901 తర్వాతి రాజుల కిరీటం. మన సైన్యంలో 1950 నుంచి కిరీటం స్థానంలో అశోక సింహాలు వచ్చాయి.

గుండీ మీది పటాలం అంకె కూడా ఒంటరిగా ఏమీ తేల్చదు. 83 అని ఉంటే 1881కి ముందు బ్రిటిష్ పదాతిదళానిదీ కావచ్చు. పక్కనే వాలాజాబాద్ పేరుంటే కథ వేరు, అది మద్రాసు పటాలం. 1903లో మద్రాసు పటాలాల పాత అంకెలకు అరవై కలిపారు, 23 కాస్తా 83 అయింది. 1922లో మళ్ళీ మార్చారు. అంటే ఆ గుండీ 1903కీ 1922కీ మధ్యది. పోల్చి చూసుకోవడానికి సెయింట్ జార్జి కోటలోని మ్యూజియంలో పాత సైనిక దుస్తులున్నాయి.

దొరికిందని చెబితే ఇల్లే పోతుందని భయపడేవాళ్ళు చాలామంది, పాపం. 1878 నిధుల చట్టంలో ఇల్లు లాక్కునే మాట లేదు. పది రూపాయలకు పైబడిన విలువగలది భూమిలో దొరికితే ఏం దొరికింది, విలువ ఎంత, ఎక్కడ, ఏ తేదీన అన్నది కలెక్టరుకు రాసివ్వాలి. రక్షిత కట్టడాల స్థలంలో మాత్రం అసలు డిటెక్టర్ బయటికి తీయకండి.