చట్టం రాకముందే కూలిన మైదానం

బ్రూక్లిన్‌లో బెడ్‌ఫర్డ్ అవెన్యూ, సలివన్ ప్లేస్ కలిసే మూలన ఎత్తైన ఇటుక రంగు అపార్ట్‌మెంట్లు నిలబడి ఉంటాయి. గోడలో ఒక రాయి. దాని మీద బేస్‌బాల్ బొమ్మ, 1962 అనే అంకె, ఇది ఒకప్పటి ఎబెట్స్ ఫీల్డ్ స్థలమని ఒక్క వాక్యం. అంతకు మించి ఏమీ లేదు. ఆ ఆవరణలోనే బంతి ఆటలు ఆడొద్దని బోర్డు పెట్టారన్న సంగతిని బ్రూక్లిన్ వాళ్లు ఇప్పటికీ మనసు చివుక్కుమనేలా చెప్పుకుంటారు.

ఆ మైదానంలో ఆడిన డాడ్జర్స్ అనే బేస్‌బాల్ జట్టు ఊరు విడిచి వెళ్తే అరవై ఏళ్లకు పైగా ఎందుకింత బాధ? జట్టు వెళ్లిపోయిన 1957 నుంచి మొదలుపెడితే దీనికి జవాబు సగమే దొరుకుతుంది. 1898కి వెళ్లాలి.

అప్పటిదాకా బ్రూక్లిన్ న్యూయార్క్‌లో భాగం కాదు. నదికి ఇవతల సొంత మేయరు, సొంత పత్రికలు, ఎనిమిది లక్షల పైచిలుకు జనాభా ఉన్న వేరే మహానగరం. 1883లో బ్రూక్లిన్ వంతెన తెరుచుకుని రెండు ఊళ్లనీ కలిపింది. 1894లో విలీనం మీద ఓటింగ్ పెడితే బ్రూక్లిన్‌లో అనుకూల పక్షం గెలిచింది కేవలం 277 ఓట్ల తేడాతో. 1898 జనవరి 1న ఆ నగరం కాస్తా న్యూయార్క్‌లోని ఐదు బరోల్లో, అంటే పాలనా విభాగాల్లో, ఒకటైపోయింది. దాన్ని 'మహా తప్పిదం' అన్నవాళ్లు చాలాకాలం ఉన్నారు. నగర హోదా పోయాక బ్రూక్లిన్ అన్న పేరు ఛాతీ మీద రాసుకుని దేశమంతా తిరిగింది ముఖ్యంగా ఆ బేస్‌బాల్ జట్టే. జనం దాన్ని అంతలా హత్తుకోవడానికి కారణం ఇదే అని నా నమ్మకం.

ఆ ఆటకు బ్రూక్లిన్ కొత్తదేమీ కాదు. చుట్టూ ప్రహరీ కట్టి, టికెట్ పెట్టి ఆడించిన తొలి మైదానం యూనియన్ గ్రౌండ్స్ 1862లో ఇక్కడి విలియమ్స్‌బర్గ్‌లోనే మొదలైంది. ఓటమి ఎరుగని సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్‌ని 1870 జూన్ 14న 8-7తో ఓడించింది బ్రూక్లిన్ అట్లాంటిక్స్ జట్టే. స్కోరు పట్టికకు ఒక రూపం తెచ్చిన విలేకరి హెన్రీ చాడ్విక్ సమాధి గ్రీన్‌వుడ్ శ్మశానంలో ఉంది. తొలితరం మేటి పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) జిమ్ క్రైటన్ 1862లో 21 ఏళ్లకే పోయాడు. అతనిదీ అక్కడే.

జట్టు పేరు కూడా ఆ వీధుల్లో పుట్టిందే. 1890ల్లో కరెంటు ట్రాములు వచ్చాక వాటికింద పడకుండా తప్పుకుంటూ నడవడం బ్రూక్లిన్ వాళ్లకు నిత్యకృత్యమైంది. అందుకని 'ట్రాలీ డాడ్జర్స్' అన్నారు, తర్వాత డాడ్జర్స్ మిగిలింది.

1883లో జట్టులో చిన్న గుమాస్తాగా చేరిన చార్లెస్ ఎబెట్స్ 1898 కల్లా అధ్యక్షుడయ్యాడు. ఫ్లాట్‌బుష్ అంచున చెత్త పోసే 'పిగ్‌టౌన్' అనే చోట ముక్కముక్కగా స్థలం కొని స్టేడియం కట్టించాడు. 1913 ఏప్రిల్ 9న అక్కడ తొలి లీగ్ ఆట జరిగింది. లోపలికి అడుగుపెట్టగానే ఇటాలియన్ పాలరాతి ముఖమంటపం. నేల మీద బేస్‌బాల్ కుట్లలాంటి నగిషీ. పైనుంచి వేలాడే దీపాల గుత్తికి పన్నెండు చేతులు, ఒక్కోటి ఒక్కో బ్యాటు, వాటికి బంతుల్లాంటి గాజు బుడ్లు. టికెట్ కొనుక్కోవడానికి వచ్చిన కూలీ కూడా ఆ దీపాల కిందుగానే నడిచి వెళ్లేవాడు.

1947 ఏప్రిల్ 15న ఆ మైదానంలోకి 42 నంబరు చొక్కాతో జాకీ రాబిన్సన్ దిగాడు. పందొమ్మిదో శతాబ్దం చివర నల్లజాతివాళ్లకు మూసేసిన మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్) తలుపు ఆ మధ్యాహ్నం తెరుచుకుంది. ఆ రోజు అతనికి ఒక్క హిట్ కూడా దక్కలేదు. అయినా జట్టును ముందంజలో నిలబెట్టిన పరుగు తీసింది అతనే, డాడ్జర్స్ 5-3తో గెలిచారు. ఆ రోజుల్లో అతని కుటుంబం అద్దెకున్న టిల్డెన్ అవెన్యూ ఇల్లు 1976లో జాతీయ చారిత్రక స్థలమైంది.

1941, 1947, 1949, 1952, 1953. ఈ ఐదుసార్లూ ఏడాది విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ దాకా వెళ్లి బ్రాంక్స్ బరోలోని యాంకీస్ చేతిలోనే ఓడారు. 'వచ్చే ఏడాది చూద్దాం' అన్నది బ్రూక్లిన్‌లో ఊతపదమైపోయింది. ఆ వచ్చే ఏడాది 1955 అక్టోబర్ 4న వచ్చింది. జానీ పాడ్రెస్ బంతులేస్తే 2-0తో యాంకీస్ ఓడారు. బ్రూక్లిన్‌కు దక్కిన మొదటి వరల్డ్ సిరీస్ అదే, చివరిదీ అదే.

ఎందుకంటే అప్పటికే యజమాని వాల్టర్ ఒమాలీ చూపు వేరేచోట ఉంది. స్టేడియంలో కార్లు నిలపడానికి 700 చోట్లు మాత్రమే ఉన్నాయి. మధ్యతరగతి తెల్లవాళ్లు లాంగ్ ఐలాండ్ శివార్లకు తరలిపోతున్నారు. 1947లో 18 లక్షలున్న ఏడాది ప్రేక్షకులు పదేళ్లకు 10 లక్షలకు పడిపోయారు. రైలు స్టేషన్ ఉన్న అట్లాంటిక్, ఫ్లాట్‌బుష్ అవెన్యూల కూడలిలో సొంత డబ్బుతో కొత్త స్టేడియం కడతాను, భూమి మాత్రం ప్రభుత్వ అధికారంతో సేకరించి ఇప్పించండి అని ఒమాలీ అడిగాడు. నగర నిర్మాణాలన్నీ గుప్పిట్లో పెట్టుకున్న రాబర్ట్ మోజెస్ ఒప్పుకోలేదు. ప్రైవేటు జట్టు కోసం భూసేకరణ ప్రజాప్రయోజనం కాదన్నాడు, క్వీన్స్ బరోలోని ఫ్లషింగ్ మెడోస్‌కి వెళ్లమన్నాడు. బ్రూక్లిన్ కాకపోతే క్వీన్స్ అయినా లాస్ ఏంజెలెస్ అయినా ఒకటే అన్నట్టు మాట్లాడాడు ఒమాలీ.

తప్పెవరిది అన్న వాదన నేటికీ తెగలేదు. ఒమాలీని ఒక్కడినే దోషిని చేయడం నాకు న్యాయంగా అనిపించదు. భూసేకరణ గురించి మోజెస్ చెప్పినదాంట్లో పస ఉంది. కానీ మురికివాడల నిర్మూలన పేరుతో వేల కుటుంబాలను ఖాళీ చేయించిన మనిషి నోటి నుంచి ఆ మాట రావడమే మింగుడుపడదు. ఒమాలీ కూడా తక్కువ తినలేదు. 1956లోనే ఎబెట్స్ ఫీల్డ్‌ను బిల్డరుకు అమ్మేశాడు, ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ కొన్ని ఆటలను మన తెలుగువాళ్లు ఇప్పుడు ఎక్కువగా ఉండే జెర్సీ సిటీకి తరలించాడు. 1956 అక్టోబర్‌లోనే బ్రూక్లిన్‌లో చివరి ట్రాము కూడా ఆగిపోయింది.

1957 సెప్టెంబర్ 24. అక్కడ చివరి ఆటకు వచ్చినవాళ్లు 6,702 మంది. ఆర్గాన్ మీద గ్లాడిస్ గుడింగ్ వీడ్కోలు పాటలు వాయించింది. రెండు వారాలకు లాస్ ఏంజెలెస్ ప్రకటన వచ్చింది. అక్కడ స్టేడియం లేచిన చావెజ్ రవీన్ నుంచి మెక్సికన్ అమెరికన్ కుటుంబాలు అంతకుముందే ఇళ్లు పోగొట్టుకున్నాయి, చివరివాళ్లను 1959లో బలవంతంగా ఈడ్చుకొచ్చారు. బ్రూక్లిన్ గోడు చెప్పుకునేటప్పుడు వీళ్లనూ తలుచుకోవాలి.

1960 ఫిబ్రవరి 23న బేస్‌బాల్‌లా రంగు వేసిన ఇనుప గుండుతో ఎబెట్స్ ఫీల్డ్‌ను పడగొట్టడం మొదలుపెట్టారు. 1963లో న్యూయార్క్‌లోని పాత రైలు స్టేషన్ పెన్ స్టేషన్ కూల్చివేత జనాన్ని కదిలించింది. 1965 ఏప్రిల్ 19న మేయర్ రాబర్ట్ వాగ్నర్ చారిత్రక కట్టడాల చట్టం మీద సంతకం చేశాడు. డాడ్జర్స్ వెళ్లిపోయినప్పుడూ మేయరు ఆయనే. ముప్పై ఏళ్లు దాటిన కట్టడాలకు ఆ చట్టం వర్తిస్తుంది. కూలేనాటికి ఎబెట్స్ ఫీల్డ్ వయసు 47. ఐదేళ్లు ముందొచ్చినా ఆ చట్టం జట్టును ఆపగలిగేది కాదు, కానీ బయటి ముఖద్వారాన్నైనా కాపాడి ఉండేదేమో. 1965లోనే బ్రూక్లిన్ హైట్స్ నగరంలో తొలి చారిత్రక ప్రాంతమైంది.

ఒమాలీ అడిగిన కూడలి దగ్గరే 2012లో బార్క్లేస్ సెంటర్ వెలిసింది, బాస్కెట్‌బాల్ జట్టు ఛాతీ మీద మళ్లీ బ్రూక్లిన్ పేరు కనిపించింది. ఎబెట్స్ ఫీల్డ్ ముఖద్వారాన్ని పోలిన కట్టడం మాత్రం 2009లో న్యూయార్క్ మెట్స్ అనే బేస్‌బాల్ జట్టు కొత్త స్టేడియానికి వచ్చింది. అందులోని ముఖమంటపానికి జాకీ రాబిన్సన్ పేరు పెట్టారు. అది ఉన్నది బ్రూక్లిన్‌లో కాదు. ఒమాలీ వద్దన్న ఫ్లషింగ్ మెడోస్‌లో, క్వీన్స్‌లో.