ఆరోగ్యశాఖలో చేరితే పరిశోధన దారి మూసుకుపోతుందా?

మొన్న ఒకమ్మాయి చేతికొచ్చిన ఆఫర్ వదులుకున్నాక ఫోన్ చేసింది. "గవర్నమెంట్‌లో చేరితే మళ్లీ యూనివర్సిటీకి రాలేమట కదా సార్." ఎవరు చెప్పారమ్మా అంటే, సీనియర్లంది. ఆ సీనియర్లలో ఒక్కరూ ఆరోగ్యశాఖ గడప తొక్కినవాళ్లు కారు. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) ముగించే ప్రతి బ్యాచ్‌లోనూ ఈ పుకారు వింటున్నాను, విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

వాస్తవం: ప్రజారోగ్య రంగాన్ని నిలబెట్టినవాళ్లే అటూ ఇటూ తిరిగారు. అలెగ్జాండర్ లాంగ్‌మ్యూర్ జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, 1949లో అమెరికా ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ సీడీసీకి వచ్చారు. 1951లో అక్కడే ఈఐఎస్ మొదలుపెట్టారు, రోగాలు ఎలా వ్యాపిస్తున్నాయో ఫీల్డ్‌లో దర్యాప్తు చేయడం నేర్పే కార్యక్రమం అది. 1970లో అక్కడి నుంచి తప్పుకున్నాక హార్వర్డ్‌లో బోధించారు. అదే ఈఐఎస్‌లో తొలి పాఠాలు నేర్చిన డి.ఎ. హెండర్సన్, డబ్ల్యూహెచ్‌ఓలో మశూచి నిర్మూలన నడిపి, 1977లో హాప్కిన్స్ పబ్లిక్ హెల్త్ స్కూలుకు డీన్ అయ్యారు.

మరి కొందరు ఎందుకు వెనక్కి రాలేకపోతారు? చేసిన పని రాసిపెట్టుకోరు కాబట్టి. నేనూ అక్కడే దెబ్బతిన్నాను. ఒక డయేరియా ఔట్‌బ్రేక్‌లో లైన్ లిస్ట్ (రోగుల వివరాల పట్టిక), ఎపి కర్వ్ (ఏ రోజు ఎన్ని కేసులో చూపే గ్రాఫ్), కేస్ కంట్రోల్ (రోగులను, రోగం రానివాళ్లను పోల్చే అధ్యయనం) అన్నీ చేసి, నీళ్ల పైపు లీకేజీ దాకా పట్టుకున్నాం. రిపోర్టు ఫైల్లోకి వెళ్లింది, నేను ఇంకో ఔట్‌బ్రేక్‌కి వెళ్లాను. కొన్నేళ్లకు ఫ్యాకల్టీ ఇంటర్వ్యూలో పబ్లికేషన్లు అడిగారు. ఒక్కటీ లేదు. అప్పుడు ప్రచురిద్దామని పరుగెత్తితే, డేటా శాఖది, ఎథిక్స్ అనుమతి ముందే తీసుకోలేదు. ఆ పని ఇప్పటికీ అచ్చు కాలేదు, ఆ బాధ ఇంకా ఉంది. అందుకే చెబుతున్నా: ప్రోటోకాల్ రాసే రోజే ఎథిక్స్ సంగతి, ప్రచురణ అనుమతి, రచయితల పేర్లు తేల్చుకోండి.

మిగతా అపోహలు త్వరగా. యూనివర్సిటీలో పూర్తి స్వేచ్ఛ అంటారు. గ్రాంట్ దొరికిన అంశం మీదే పనిచేయాలి, చాలాచోట్ల జీతమూ గ్రాంట్‌లోంచే. సర్కారీ కొలువు భద్రమంటారు. ప్రాజెక్టు కాంట్రాక్టు పోస్టులూ ఉంటాయి, ఆర్డర్‌లో గడువు చదవండి. పీహెచ్‌డీ ప్రొఫెసర్ కావాలనుకునేవాళ్లకు దాదాపు తప్పదు, ఫీల్డ్ పోస్టులు చాలావాటికి అక్కర్లేదు.

భయపడేవాళ్లను తప్పుపట్టను. ఇంటి భారం మీదుంటే ఒక్క నిర్ణయమూ తేలిగ్గా ఉండదు. ఆఫర్ చేతిలో ఉంటే, ఆ యూనిట్‌లో ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లకే ఫోన్ చేయండి. ఈమధ్య మీ దగ్గర్నుంచి పేపర్ ఏదైనా వచ్చిందా, దానికి అనుమతి ఎన్నాళ్లకు దొరికింది అని అడగండి.